ఒళ్ళు దగ్గర పెట్టుకోవడం

"ఒళ్ళు దగ్గర పెట్టుకో!" అని ఒకనాడు మా అబ్బాయిని గట్టిగా కసిరాను.

వాడప్పుడు తొమ్మిదేళ్ళవాడు. వాడు చేసిన నేరమల్లా, నేను దిద్దుతూ ఉన్న పరీక్ష పేపర్లమీదుగా నడిచి కిటికీ దగ్గరకు వెళ్ళడం. నా కేక విని ఆగాడు. తల వంచి తన పొట్ట చూచుకొన్నాడు. చేతులు చూచుకొన్నాడు. కాళ్ళు చూచుకొన్నాడు. అన్నీ ఉండవలసిన చోటనే ఉన్నవని నిశ్చయించుకొన్న తరువాత, నా వంక కాక కిటికీ వంక చూస్తూ, "దగ్గరే ఉంది నాన్నా" అన్నాడు.

పద్ధెనిమిదేళ్ళుగా నేను కళాశాలలో తెలుగు చెబుతున్నాను. జాతీయాలూ, నానుడులూ, అలంకారాలూ నాకు కూడూ గుడ్డా పెడుతున్నవి. అటువంటివాడికి భగవంతుడు ఇటువంటి కొడుకునిచ్చాడు. "తల తినకురా" అంటే "తినడంలేదు" అంటాడు. "నీ నోట్లో నువ్వుగింజ నానదు గదా" అంటే నోరు తెరిచి, "నువ్వులు లేవు" అని చూపిస్తాడు. చదువరులు నవ్వుకోవచ్చు. నేనూ నవ్వాను. స్టాఫు రూములో పదిమందికీ చెప్పి నవ్వించాను కూడా. కాని ఒళ్ళు దగ్గర పెట్టుకోవడమనే మాటకు ఆనాడు వాడు చెప్పిన అర్థమే సరియైనదని తెలిసికోవడానికి నాకు ఐదేళ్ళు పట్టింది. అది ఎలా తెలిసిందో చెప్పడానికే ఈ వ్యాసం వ్రాస్తున్నాను. నాబోటి తండ్రులు, మా ఆవిడబోటి తల్లులు ఎందరో ఉన్నారు గనుక వారికి కొంత పనికి రావచ్చును.

తల్లుల తప్పా?

మా వాడిది ఆటిజం. ఇది అంటుకొనే జబ్బు కాదు. మందు మ్రింగితే పోయేదీ కాదు. మెదడు ఎదిగే తీరులో పుట్టుకనుంచీ ఉండే భేదం. ఇటువంటివారికి ఎదుటివారితో మాట కలపడం, ముఖం చూచి మనస్సు గ్రహించడం కష్టం. చేసిన పనే చేయడంలో, ఉన్న క్రమం ఉన్నట్లు సాగడంలో వారికి నెమ్మది ఉంటుంది. కొన్ని చప్పుళ్ళు, వెలుతుళ్ళు, వాసనలు, బట్టల స్పర్శ మనకు తెలిసినదానికంటే ఎన్నో రెట్లు తీవ్రంగా తెలుస్తవి. కొన్ని అసలు తెలియవు. అందరిలోనూ ఒకే పాళ్ళలో ఉండదు. కొందరు పెద్ద చదువులు చదివి ఉద్యోగాలు చేస్తారు. కొందరికి జీవితాంతం మరొకరి తోడు కావాలి.

"ఆటోస్" అనే గ్రీకు మాటకు "తాను" అని అర్థం. దానినుంచి పుట్టిన ఈ పేరు, 1943లో అమెరికాలోని బాల్టిమోరులో లియో కానర్ అనే వైద్యుడు పదకొండుమంది పిల్లలను గురించి వ్రాసిన వ్యాసంతో ఈ స్థితికి స్థిరపడింది.

మా వాడికి మూడో ఏడు వచ్చినా "అమ్మా" అనలేదు. "మగపిల్లలకు మాటలు ఆలస్యంరా, మీ నాన్నా అంతే" అన్నది మా అమ్మ. అది ప్రేమకొద్దీ అన్నమాట. ప్రేమ లేనివాళ్ళు వేరే మాట అన్నారు. "తల్లి ఉద్యోగానికి పోయి పిల్లవాణ్ణి టీవీకి అప్పగించింది. మాటలెక్కడ వస్తవి?" అన్నారు. మా ఆవిడ బడిలో లెక్కలు చెప్పేది. ఆ మాట చెవిని పడిన నెలలోనే రాజీనామా ఇచ్చింది. ఆమె తప్పేమీ లేదని నేను నలుగురిలో ఒక్క మాట అనలేదు. నేను చేసిన తప్పులలో ఆ మౌనం మొదటిది.

తల్లిని తప్పుపట్టడం మన పెద్దవాళ్ళు మాత్రమే చేసిన పని కాదు. పాశ్చాత్య దేశాలలో పెద్ద పెద్ద పండితులు ఒక తరంపాటు అదే పాట పాడారు. తల్లి ప్రేమలో వెచ్చదనం లేకనే పిల్లలు ఇలా అవుతారని చెప్పి, ఆ తల్లులకు "రిఫ్రిజిరేటర్ తల్లులు" అని పేరు పెట్టారు. బ్రూనో బెతల్‌హైమ్ అనే ఆయన 1967లో ఈ ధోరణిలో ఒక పెద్ద గ్రంథమే వ్రాశాడు. అంతకు మూడేళ్ళ ముందే, 1964లో, బెర్నార్డ్ రిమ్‌లాండ్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు ఇది తల్లుల తప్పు కాదనీ, మూలం శరీరంలోనే ఉన్నదనీ వాదిస్తూ పుస్తకం ప్రకటించాడు. ఆయన కొడుక్కీ ఆటిజమే. చివరకు ఆయన మాటే నిలిచింది. తల్లి పెంపకంవల్ల ఆటిజం రాదని, జన్యువుల పాత్రే ఎక్కువని ఈనాడు శాస్త్రం చెబుతున్నది. కాని శాస్త్రం త్రోసిపుచ్చినంత మాత్రాన వీధి అరుగులమీద ఆ మాట చావలేదు.

గట్టిమేళం

నా రెండవ తప్పు చెప్పడానికి సిగ్గుగా ఉన్నది. అయినా చెప్పక తప్పదు.

మా అక్కయ్య కూతురి పెళ్ళి. మేనమామను గనుక పెళ్ళికూతుర్ని బుట్టలో తీసుకువచ్చే భారం నాది. అబ్బాయికి అప్పుడు పన్నెండేళ్ళు. ఉదయంనుంచీ బాగానే ఉన్నాడు. గోడకున్న క్యాలెండరులో రాహుకాలం చదివి వచ్చినవారందరికీ చెప్పాడు. అది వాడికి ఇష్టమైన పని. జీలకర్ర బెల్లం వేళ అయింది. పురోహితుడు చెయ్యి ఎత్తాడు. గట్టిమేళం లేచింది. డోళ్ళూ, సన్నాయీ, వాటికి తోడు మైకులూ, వీడియోవాళ్ళ దీపాలూ.

మా వాడు రెండు చెవులూ మూసుకొని నేలమీద పడి అరిచాడు. తల నేలకు కొట్టుకోసాగాడు. మా ఆవిడ పరుగెత్తుకు వచ్చి, వాడి తలకూ నేలకూ మధ్య తన అరచెయ్యి పెట్టింది. మేళం ఆగింది గాని వాడి అరుపు ఆగలేదు. మూడువందలమంది తలలు ఇటు తిరిగినవి. వెనుకనుంచి ఎవరో, "ఇటువంటి పిల్లవాణ్ణి పెళ్ళిళ్ళకు ఎందుకు తెస్తారో!" అన్నారు. నేను మండపం దిగివచ్చి వాడి చెంపమీద కొట్టాను.

వాడు అరుపు ఆపలేదు. నన్ను చూడనూ లేదు. మా ఆవిడ మాత్రం చూచింది. ఆ చూపులో కోపం లేదు. "ఈయన కూడా ఆ గుంపులో మనిషే" అని తేల్చుకొన్న చూపు అది. ఆ రాత్రి ఆమె చేతికి మందు రాస్తూ చూచాను. నేలకు ఆనిన వైపు చర్మం లేచిపోయి ఉన్నది.

పేచీ వేరు, ఇది వేరు అని తరువాత తెలిసికొన్నాను. పేచీ పెట్టే పిల్లవాడు ఏదో కావాలని పెడతాడు. చూచేవాళ్ళు లేకపోతే మానేస్తాడు. ఇది అలా కాదు. ఇంద్రియాలు మోయగలిగినంత మోసి, ఇక మోయలేక కూలబడడం. దాన్ని దెబ్బతో ఆపాలనుకోవడం పొంగుతున్న పాలను మంట పెంచి ఆపాలనుకోవడం వంటిది.

ఏ చెరువు?

ఆ రోజులలోనే "మైండ్‌ఫుల్‌నెస్" అన్న మాట నా చెవిని పడింది. ఈ క్షణంలో లోపలా బయటా జరుగుతున్నదాన్ని, ఇది మంచి, ఇది చెడు అని తీర్పు చెప్పకుండా, కావాలని గమనిస్తూ ఉండడం అని దాని తాత్పర్యం. అమెరికాలో జాన్ కబాట్ జిన్ అనే ఆయన 1979లో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ వైద్య కేంద్రంలో, తగ్గని నొప్పులతో బాధపడేవారికోసం ఒక అభ్యాసంగా దీన్ని ఏర్పాటు చేశాడు. మాట ఇంగ్లీషుదైనా సరుకు మనదే. పాళీ భాషలో బౌద్ధులు "సతి" అన్నదానిని 1881లో రైస్ డేవిడ్స్ అనే పండితుడు ఇంగ్లీషులో మైండ్‌ఫుల్‌నెస్ అన్నాడు. సతి అంటే సంస్కృతంలో స్మృతి. అమరావతి, నాగార్జునకొండ ఉన్న కృష్ణాతీరంలో ఒకప్పుడు భిక్షువులు అభ్యసించినదే సముద్రాలు దాటిపోయి, వైద్యం వేషంలో తిరిగివచ్చింది.

దీన్ని తెలుగులో ఏమనాలి? నాకు "ఎరుక" అన్న మాట నచ్చింది. ఎందుకంటే దానికి ఎదురుమాట మనకు సిద్ధంగా ఉన్నది: పరధ్యానం. శరీరం ఇక్కడా, మనస్సు మరొకచోటా ఉండడం.

ఇంకేమి, పండితుణ్ణి గదా, వెంటనే ప్రయోగానికి దిగాను. ఒక ఆదివారం ఉదయం మా వాణ్ణి చాపమీద బాసింపట్టు వేయించి కూర్చోబెట్టాను. కళ్ళు మూసుకోమన్నాను. గొంతు మృదువుగా చేసికొని, "నీ మనస్సు ఒక నిశ్చలమైన చెరువు అనుకో" అన్నాను.

వాడు కళ్ళు తెరిచి, "ఏ చెరువు?" అన్నాడు.

"ఏదో ఒక చెరువురా. మన ఊరి చెరువే అనుకో."

"అందులో గుర్రపుడెక్క ఉంది" అన్నాడు.

సరే, చెరువు వదిలిపెట్టి, "నీ ఊపిరి గమనించు" అన్నాను. వాడు ఊపిరి బిగబట్టాడు. బిగబట్టినవాడు వదలడం ఎలాగో తెలియక భయపడ్డాడు. లేచి గదిలోకి పోయి, గోడవైపు తిరిగి ముందుకూ వెనుకకూ ఊగడం మొదలుపెట్టాడు. నేను వెనుకనే వెళ్ళి, "ఊగకు" అని భుజాలు పట్టుకొన్నాను. మనశ్శాంతి నేర్పడానికి కూర్చున్న ఉదయం ఏడుపులతో ముగిసింది.

మా వాడికి మాటలు నేర్పే టీచరమ్మ ఉన్నది. వయస్సులో నాకంటే చాలా చిన్నది. ఆమెతో ఈ సంగతి చెప్పాను.

"ఇది ఎవరికోసం మొదలుపెట్టారు మాస్టారూ?" అన్నది.

"వాడికోసమేనమ్మా. వాడు కుదురుగా ఉండాలని."

"వాడు కుదురుగా ఉండడం ఎవరికి కావాలి?"

నేను జవాబు చెప్పలేదు.

"వాడు ఊగడం మీరు అల్లరి అనుకొంటున్నారు. వాడు ఊగేది నిలదొక్కుకోవడానికి. మనం మాట తోచనప్పుడు కాలు ఆడిస్తాం, పెన్ను త్రిప్పుతాం. అదే అది. మీరు వాడి చేతికర్ర లాక్కొని, నిలబడమంటున్నారు."

ఆ తరువాత ఆమే ఒక సంగతి చెప్పింది. హాలండు దేశంలో అన్నెలీస్ స్పెక్ అనే పరిశోధకురాలు, ఆమె సహచరులు ఆటిజం ఉన్న పెద్దవాళ్ళకు ఈ అభ్యాసం నేర్పి, 2013లో ఫలితాలు ప్రకటించారు. అందులో పాల్గొన్నవారు 42 మంది. అభ్యాసం తొమ్మిది వారాలు. నేర్చినవారిలో దిగులు, ఆందోళన, జరిగినదాన్నే పదేపదే తలచుకొని కుమలడం తగ్గినవి. వారి ఆటిజం తగ్గలేదు. తగ్గించడం వారి ఉద్దేశమూ కాదు. అన్నిటికంటే నన్ను కదిలించినది మరొకటి. మామూలు పాఠంలోనుంచి వాళ్ళు ఉపమానాలూ, రూపకాలూ, "ఊహించుకో" అనడమూ తీసివేశారు. ఉన్నమాట ఉన్నట్లు చెప్పారు. అవసరమైన చోట ఎక్కువ వ్యవధి ఇచ్చారు.

అంటే నేను నా కొడుక్కు ఏమైనా నేర్పాలంటే, ముందు నా విద్య గట్టుమీద పెట్టాలన్నమాట!

ముందు ఎవరు నేర్చుకోవాలి?

"ముందు మీరు నేర్చుకోండి" అన్నది టీచరమ్మ.

దానికీ ఆధారం ఉన్నది. నిర్భయ్ సింగ్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు అమెరికాలో తన సహచరులతో చేసిన పరిశోధన 2006లో వెలువడింది. ఆటిజం ఉన్న పిల్లల తల్లులు ముగ్గురికి పన్నెండు వారాలు ఎరుక నేర్పారు. పిల్లలను అదుపులో పెట్టే ఉపాయాలు నేర్పలేదు. అయినా ఆ పిల్లలలో ఇతరులను కొట్టడం, మాట వినకపోవడం, తమను తాము గాయపరచుకోవడం తగ్గినవి. ముగ్గురంటే ముగ్గురే. ముగ్గుర్ని చూచి ముల్లోకాలకూ సూత్రం కట్టరాదు. కాని 2014లో వెలువడిన మరొక పరిశోధనలో 243 మంది తల్లులు పాల్గొన్నారు. వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయంలో ఎలిజబెత్ డైకెన్స్ అనే ఆమె నడిపింది. ఆటిజంగాని, ఇతర వైకల్యాలుగాని ఉన్న పిల్లల తల్లులు వారు. ఆరు వారాలపాటు వారానికి గంటన్నర చొప్పున పాఠం. పాఠం చెప్పినవారు డాక్టర్లు కారు. అటువంటి పిల్లలనే కన్న తల్లులు తర్ఫీదు పొంది చెప్పారు. ఒక వర్గానికి ఎరుక, రెండవ వర్గానికి తమలోని మంచిగుణాలను పెంచుకొనే మరొక పద్ధతి నేర్పారు. రెండు వర్గాలకూ మేలు జరిగింది. దిగులు, ఆందోళన, నిద్రలేమి విషయంలో మాత్రం ఎరుక నేర్చినవారికి ఎక్కువ ఊరట కలిగింది.

నేను మొదలుపెట్టినది చాలా చిన్నది. సాయంత్రం కాలేజీనుంచి వచ్చి, గుమ్మం బయట చెప్పులు విడిచి, లోపలికి వెళ్ళకుండా గచ్చుమీద ఒక్క నిమిషం నిలబడేవాణ్ణి. పాదాలక్రింద గచ్చు చల్లగా ఉన్నదా, వెచ్చగా ఉన్నదా చూచుకొనేవాణ్ణి. ప్రిన్సిపాలుగారు అన్నమాటలూ, జీతంలో కోతలూ గుర్తుకు వచ్చేవి. వస్తే రానిచ్చి మళ్ళీ పాదాలదగ్గరకు వచ్చేవాణ్ణి. అంతే. ఎదురింటివారు నాకు మోకాళ్ళ నొప్పులేమో అనుకొన్నారట.

రెండు మూడు వారాలు గడిచేసరికి ఒక విచిత్రం జరిగింది. నాకు కళ్ళు కనబడసాగినవి. మా వాడు అరిచేముందు కుడిచేతి వేళ్ళు ఐదూ దగ్గరకు చేరుస్తాడు. ఆ తరువాత గొంతులో సన్నగా ఒక కూనిరాగం మొదలవుతుంది. దానికీ అరుపుకూ మధ్య రెండు మూడు నిమిషాల వ్యవధి ఉంటుంది. ఆ వ్యవధిలో మిక్సీ ఆపినా, టీవీ కట్టినా, వాణ్ణి పక్కగదిలోకి తీసుకుపోయినా అరుపుదాకా రాదు. పన్నెండేళ్ళు ఒకే కప్పుక్రింద ఉండి నాకు ఈ సంగతి తెలియదు. ఏదో కనిపెట్టినవాడిలా మా ఆవిడతో చెప్పాను.

"తెలుసు" అన్నది.

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"ఎప్పుడు విన్నారు గనుక?"

నిజమే. పరధ్యానం మా వాడిది కాదు, నాది.

ఆ ఉత్సాహంలో ఆమెను కూడా అభ్యాసం చేయమన్నాను. ఆమె చేతిలోని గిన్నె దింపి, "ముందు నన్ను రోజూ ఒక గంట నిద్రపోనివ్వండి. ఆ తరువాత మీ ఎరుక సంగతి చూద్దాం" అన్నది. అప్పటినుంచి సాయంత్రం ఆరునుంచి ఎనిమిదిదాకా అబ్బాయి పూచీ నాది. రెండు నెలలు ఆ వేళ ఆమె నిద్రే పోయింది. మూడవ నెలలో ఒకనాడు తానే లేచివచ్చి, నా పక్కన గుమ్మంలో నిలబడింది.

ఈ మాట గట్టిగా చెప్పదలచుకొన్నాను. అలసిన మనిషికి ముందు కావలసినది విశ్రాంతి, తోడు, సహాయం. అవి ఇవ్వకుండా "ధ్యానం చేసికో తల్లీ" అనడం ఆకలితో ఉన్నవాడికి వంటలపుస్తకం ఇవ్వడమే. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 రకాల వైకల్యాలలో ఆటిజం ఒకటి. బడిలో చోటు, తగిన బోధన ఆ పిల్లలకు హక్కు. మనం పెట్టే భిక్ష కాదు. ఎరుక పేరు చెప్పి బడిగాని, బంధువులుగాని, ప్రభుత్వంగాని తమ పూచీ దులుపుకోరాదు.

అరికాళ్ళు

వాడికి నేర్పే వంతు ఆ తరువాత వచ్చింది. నిర్భయ్ సింగ్ బృందం వాడుకలోకి తెచ్చిన పద్ధతి ఒకటి ఉన్నది. ధ్యాసను అరికాళ్ళమీదకు మళ్ళించడం. 2011లో వెలువడిన పరిశోధనలో ఆటిజం ఉన్న ముగ్గురు కౌమార వయస్కులకు వారి తల్లులే దీన్ని నేర్పారు. పిల్లలు కోపం వచ్చి కొట్టడం బాగా తగ్గింది. ఇందులో చెరువులు లేవు, తామరపూలు లేవు. అందుకని మా వాడికి సరిపోతుందనిపించింది.

పద్ధతి ఇది. కుర్చీలో కూర్చునిగాని, నిలబడిగాని రెండు పాదాలూ నేలకు ఆనించాలి. ఊపిరి మామూలుగా ఆడనివ్వాలి. కోపం వచ్చిన సంఘటన ఒకటి గుర్తుచేసికోవాలి. ఆ కోపాన్ని అణచకుండా కొద్దిసేపు ఉండనిచ్చి, ధ్యాస అంతా అరికాళ్ళకు మళ్ళించాలి. వేళ్ళు మెల్లగా కదపాలి. మడమ నేలకు ఎక్కడ ఆనుతున్నదో, మధ్య వంపు ఎక్కడ ఆనడంలేదో చూడాలి. మనస్సు నెమ్మదించేదాకా అక్కడే ఉండి, తరువాత లేచి వెళ్ళిపోవాలి. ముఖ్యమైన సంగతి, దీన్ని శాంతంగా ఉన్న వేళలోనే నేర్పాలి. ఇల్లు అంటుకొన్నప్పుడు బావి త్రవ్వడం కుదరదు గదా!

మా వాడి విషయంలో మొదటి నెలలు కోపం మాటే ఎత్తలేదు. ఉదయం ఇడ్లీ తిన్న తరువాత, రాత్రి పడుకోబోయేముందు, ఇద్దరం పక్కపక్కన నిలబడేవాళ్ళం. "పాదాలు నేలమీద ఉన్నవి. వేళ్ళు కదుపు. నేల ఎలా ఉంది?" అంతే నా పాఠం. రోజూ అవే మాటలు, అదే వరుసలో. మాట మారితే ఒప్పుకోడు. మొదట చక్కిలిగిలి పుట్టి నవ్వాడు. తరువాత పది వేళ్ళూ లెక్కపెట్టాడు. తరువాత "చల్లగా ఉంది" అన్నాడు. ఊగుతూనే చేసేవాడు. ఊగనిచ్చాను. కళ్ళు మూసుకోమనలేదు. నా ముఖం చూడమనలేదు. రెండు నిమిషాలు దాటనివ్వలేదు. ఊపిరి జోలికి పోలేదు. ఊపిరి గమనిస్తే కంగారుపడేవారికి పాదాలు, చేతిలో గులకరాయి, చెంబులో నీళ్ళు, ఏవైనా సరే. ఎవరికి ఏది నెమ్మది కలిగిస్తుందో వారినే చూచి తెలిసికోవాలి.

నాలుగు నెలలు పట్టింది.

తరువాత వచ్చిన వినాయక చవితికి, తొమ్మిదవనాడు, నిమజ్జనం ఊరేగింపు మా వీధిలోకి వచ్చింది. డప్పులు, డీజే పెట్టెలు. కిటికీ అద్దాలు గడగడలాడుతున్నవి. వాడి కుడిచేతి వేళ్ళు దగ్గరకు చేరడం చూచాను. నేను నోరు తెరిచేలోపల వాడే, "అరికాళ్ళు" అన్నాడు. పాదాలు నేలకు అదిమి నిలబడ్డాడు. పక్కన నేనూ నిలబడ్డాను. నా గుండె వాడి గుండెకంటే వేగంగా కొట్టుకొంటున్నదేమో తెలియదు. కొంచెంసేపటికి, "తలుపు వెయ్యి నాన్నా. లోపలి గది" అన్నాడు.

తలుపు వేశాను. లోపలి గదిలోకి వెళ్ళి దుప్పటి కప్పుకొని కూర్చున్నాము. వాడు అరవలేదు. తల కొట్టుకోలేదు. నేను కొట్టలేదు.

ఇందులో గెలుపు వాడు డప్పులకు అలవాటు పడడం కాదు. పూర్వం నేనైతే "ఎంతకాలం పారిపోతావు, అలవాటు చేసికో" అనేవాణ్ణి. తనకు కష్టం వస్తున్నదని వాడు ముందే తెలిసికొన్నాడు. ఏమి కావాలో మాటలలో అడిగాడు. అడిగితే వినేవాడొకడు పక్కన ఉన్నాడు. నా లెక్కలో గెలుపు అది.

అంతటితో అన్నీ చక్కబడినవని చెబితే అబద్ధమవుతుంది. మొన్న వేసవిలో బస్టాండులో హారన్ల మోతకు అరికాళ్ళు పనిచేయలేదు. గంటసేపు నేలమీద కూర్చున్నాము, వాడి తలక్రింద ఈసారి నా అరచెయ్యి. చుట్టూ జనం చేరారు. ఎవరో ఎప్పటి మాటే అన్నారు. మా ఆవిడ వారితో, "మా అబ్బాయికి చప్పుడు పడదండీ. కాస్త దూరంగా జరిగితే అదే మీరు చేసే సహాయం" అన్నది. జరిగారు. ఒక ముసలాయన తన గొడుగు తెరిచి మా వాడికి ఎండ తగలకుండా పట్టుకొని నిలబడ్డాడు.

పోయిన వారం మళ్ళీ పరీక్ష పేపర్లు వచ్చినవి. రాత్రి పొద్దుపోయేదాకా దిద్దుతూ కూర్చున్నాను. మా వాడు వచ్చి, రేపటి రాహుకాలం చెప్పాడు. నేను వినలేదు. మళ్ళీ చెప్పాడు. "ఊఁ" అన్నాను, తల ఎత్తకుండా. వాడు కొంతసేపు నిలబడి, ఐదేళ్ళనాటి నా గొంతుతోనే, ఆ కసురు కూడా పోకుండా, "ఒళ్ళు దగ్గర పెట్టుకో!" అన్నాడు.

కలం క్రింద పెట్టాను. రెండు పాదాలూ నేలకు ఆనించాను. నేల చల్లగా ఉన్నది.

"దగ్గరే ఉందిరా" అన్నాను. "ఇప్పుడు చెప్పు."

వాడు మళ్ళీ మొదటినుంచి చెప్పాడు.